4.3 కథాసాహిత్యంలో కులదూషణ: ఎవరి మాట, ఎవరి చూపు?

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• కులం పేరు ఎప్పుడు తిట్టుగా మారుతుందో వివరించగలుగుతారు.
• పాత్ర మాటను, కథకుని మాటను వేరుచేసి చూడగలుగుతారు.

4.3.1 పరిచయం

పల్లెను ఉన్నదున్నట్టు చూపాలనుకునే రచయితకు ఒక చిక్కు ఎదురవుతుంది. కులం పేరుతో చేసే దూషణను రాస్తే, ఆ కులానికి చెందిన పాఠకుడు పుస్తకంలోనూ ఆ మాట పడాలి. రాయకపోతే ఆ అవమానం అసలు జరగనట్టే అవుతుంది. నిజామాబాద్ జిల్లాలో చాలాకాలం పనిచేసిన డాక్టర్ కేశవరెడ్డి నవలలను దృష్టిలో పెట్టుకొని ఈ చిక్కును పరిశీలిద్దాం.

4.3.2 మాట తిట్టుగా మారే తీరు

కులం పేరు దానంతట అది తిట్టు కాదు. 1922లో వచ్చిన తన నవలకు ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ అని పేరు పెట్టారు. అందులో తక్కువచూపు లేదు. 1994లో మొదలైన దండోరా ఉద్యమంతో ఎందరో తమ పేరు చివర ‘మాదిగ’ అని గర్వంగా చేర్చుకున్నారు. అదే కులం పేరుకు ‘గాడు’ చేరి, ‘ఒరేయ్’ తోడైతే దూషణ అవుతుంది.

ఒక్కోసారి కులం పేరు కూడా అక్కరలేదు. బోధన్ దగ్గర చెరుకు కొడుతున్న అరవై ఏళ్ల మల్లయ్యను పటేలు కొడుకు ‘ఏందిరా మల్లిగా’ అన్నాడనుకోండి. వయసుకు దక్కవలసిన మర్యాదను కులం లాగేసుకుంది. అదే మాట తోటి కూలీ అంటే చనువు. అంటే పదం ఒక్కటే చాలదు, ఎవరు ఎవరిని అంటున్నారో కూడా చూడాలి.

4.3.3 పాత్ర మాట, కథకుని మాట

చిత్తూరు జిల్లాలో పుట్టిన కేశవరెడ్డి (1946-2015) డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో వైద్యులుగా పనిచేశారు. ఊరు వెలివేసిన రోగులకు వైద్యం చేస్తూనే, నవలల్లో తన సొంత జిల్లా పల్లెలను, అక్కడి మాండలికాన్ని చిత్రించారు. ‘చివరి గుడిసె’ యానాదుల జీవితం మీద రాసిన నవల. ‘అతడు అడవిని జయించాడు’లో, పందులు మేపే ఒక ముసలివాడు తప్పిపోయిన పందిని వెతుకుతూ అడవిలోకి వెళతాడు.

ఈ రెండో నవల పేరును గమనించండి. ఊరు అలాంటి మనిషిని ‘వాడు’ అంటుంది. నవల పేరు ‘అతడు’ అంటోంది. తెలుగులో వాడు, అతడు, ఆయన అనే మాటల మధ్య తేడా వ్యాకరణానికే పరిమితం కాదు. అది సమాజంలో మనిషికి ఇచ్చే స్థానం. పాత్ర నోట దూషణ వచ్చినా, కథకుడు అదే మనిషిని ఏ సర్వనామంతో చెబుతున్నాడో చూస్తే రచయిత ఎటు నిలబడ్డాడో తెలుస్తుంది. కథకుడు కూడా ఆసామి భాషే మాట్లాడితే, ఆ రచన దూషణను చూపడం లేదు, దానిలో పాలు పంచుకుంటోంది.

అయితే కేశవరెడ్డి దళితుడు కారు. అవమానం పడినవారు రాయడం, చూసినవారు రాయడం ఒకటేనా అని 1990ల దళిత సాహిత్యం గట్టిగా అడిగింది. మంచి రచన కూడా ఆ ప్రశ్నను ఎదుర్కోవలసిందే.

మాటను తొలగిస్తే సరిపోతుందా? అమెరికాలో మార్క్ ట్వైన్ ‘హకల్‌బెరీ ఫిన్’ నవలలో నల్లజాతివారిని కించపరిచే పదం రెండు వందల సార్లకు పైగా వస్తుంది. 2011లో ఒక ప్రచురణ దాని స్థానంలో ‘బానిస’ అనే పదం పెట్టింది. పాఠకునికి నొప్పి తగ్గింది. కానీ ఆనాటి తెల్లవారు రోజూ ఎలా మాట్లాడేవారో కూడా మరుగున పడింది.

4.3.4 తరగతిలో చదివేటప్పుడు

సంపర్క తరగతిలో ఇలాంటి భాగాన్ని పైకి చదివే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ మాట పడ్డ కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి మీ పక్కనే ఉండవచ్చు. అందులో ఏముందో ముందే చెప్పండి, ఎవరినీ చదవమని బలవంతం చేయకండి. కథలో పాత్రను అర్థం చేసుకోవడానికి రాసిన మాట తరగతి బయట ఎగతాళి మాట కాకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘వాడు’, ‘అతడు’ అనే సర్వనామాల తేడా కథకుని దృక్పథాన్ని ఎలా తెలుపుతుంది?
2. మీ ఊరిలో ఒకే పిలుపు చనువుగానూ, అవమానంగానూ వినిపించే సందర్భాలు రెండు రాయండి.