పాత కారు - నిజమైన విలువ

'బీమా' అనే మాట మనకు ఉర్దూ ద్వారా వచ్చింది. పారశీక భాషలో 'బీమ్' అంటే భయం. దాని నుండే ఈ మాట పుట్టిందని చెబుతారు. కొందరు దీనిని 'భీమా' అని ఒత్తుతో రాస్తుంటారు. అది సరికాదు. అయినా సంస్కృతంలోని భీమ శబ్దానికి కూడా భయమే మూలం కాబట్టి ఆ తప్పులోనూ ఒక సొగసు ఉంది. మన పూర్వులు యోగక్షేమాలు అనే జంటపదాన్ని వాడారు. లేనిదానిని పొందడం యోగం, పొందినదానిని కాపాడుకోవడం క్షేమం. ఆస్తి బీమా ఈ రెండింటిలో క్షేమానికి మాత్రమే చెందినది. నష్టపోయిన వ్యక్తిని నష్టానికి ముందున్న స్థితికి చేర్చడమే దాని పని. అంతకు మించి లాభం చేకూర్చడం దాని ధర్మం కాదు. సూత్రం ఇంత సులభంగా ఉన్నా, పోయిన వస్తువు విలువ ఎంత అని అడిగినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఆ వస్తువు శ్రమపడి బాగుచేయించుకున్న పాత కారు అయితే ఆ చిక్కు మరింత జటిలమవుతుంది.

ఒకప్పుడు మన రోడ్లను ఏలిన అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ఏళ్ల ముందే కనుమరుగైంది. తాతల నాటి అటువంటి కార్లకు తిరిగి ప్రాణం పోయించాలనుకునే కృష్ణా డెల్టా వాసులకు విజయవాడ ఆటోనగర్ పుట్టినిల్లు వంటిది. తుప్పు తిన్న రేకును కోసి కొత్త రేకు అతికే టింకరింగ్ మేస్త్రి, ఎక్కడా దొరకని విడిభాగాన్ని లేత్ మీద తీర్చే పనివాడు, సీట్లు కుట్టేవాడు, వైరింగు చేసేవాడు, రంగు వేసేవాడు అందరూ అక్కడ కూతవేటు దూరంలో ఉంటారు. నెలల తరబడి సాగే ఈ పనికి ఖర్చు లక్షలలోకి చేరుతుంది. కాని బీమా కాగితం మీద ఆ కారు విలువ చాలాసార్లు వేలలోనే మిగిలిపోతుంది.

దీనికి కారణం విలువ కట్టే పద్ధతిలో ఉంది. 2002 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన ఆలిండియా మోటార్ టారిఫ్ 'బీమాదారు ప్రకటించిన విలువ' అనే భావనను స్థిరపరచింది. వాడుకలో దీనిని ఐ.డి.వి. అంటారు. తయారీదారు ప్రకటించిన అమ్మకపు ధర నుండి వాహనం వయస్సును బట్టి తరుగుదల తీసివేస్తారు. ఆరు నెలల లోపు 5 శాతం, రెండవ ఏడాదిలో 20 శాతం, అయిదవ ఏడాదిలో 50 శాతం. అక్కడితో పట్టిక ఆగిపోతుంది. అయిదేళ్లు దాటిన వాహనాలకూ, తయారీ నిలిచిపోయిన వాహనాలకూ విలువను కంపెనీ, యజమాని పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలి. 2007లో ప్రీమియం ధరలపై నియంత్రణ తొలగినా ఈ పద్ధతి చాలావరకు నిలిచింది.

అదే టారిఫ్ వింటేజ్ కార్లకు ఒక ప్రత్యేక సదుపాయం కల్పించింది. ముందుగా ఒప్పుకున్న విలువకే వాటికి పాలసీ ఇవ్వవచ్చు. అయితే ఆ కారు 1940 డిసెంబరు 31కి పూర్వం తయారై ఉండాలి, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరణ పొంది ఉండాలి. మన అంబాసిడర్ పుట్టిందే 1950వ దశకం చివర కాబట్టి ఈ గుమ్మం దాటలేదు. అది కొత్తదీ కాదు, శాస్త్ర ప్రకారం పురాతనమూ కాదు.

తక్కువ విలువ రాసుకోవడం వలన ప్రీమియం కొంత తగ్గుతుంది. ఆ మిగులు ఎంత ప్రమాదకరమో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. తెనాలికి చెందిన ఒక యజమాని 1968 నాటి అంబాసిడర్‌ను ఆరు లక్షలు పెట్టి బాగుచేయించి, 60,000 రూపాయలకు బీమా చేశాడనుకుందాం. ఒకనాడు లారీ తగిలి తలుపు, మడ్‌గార్డు, ముందు జాలీ దెబ్బతిన్నాయి. మరమ్మతు అంచనా 48,000 అయింది. అంచనా ఐ.డి.వి.లో 75 శాతాన్ని దాటితే దానిని సంపూర్ణ నష్టంగా పరిగణిస్తారు. ఇక్కడ ఆ హద్దు 45,000 మాత్రమే. అంటే రెండు వారాలలో బాగయ్యే కారు, కాగితం మీద చచ్చిపోయినట్లే. యజమానికి దక్కేది మహా అయితే 60,000. కారును తానే ఉంచుకోదలిస్తే దాని శిథిల విలువను అందులో నుండి మినహాయిస్తారు. పాక్షిక నష్టంగా చూసినా అతనికి పూర్తి సొమ్ము రాదు. పదేళ్లు దాటిన వాహనపు లోహ భాగాలకు 50 శాతం తరుగుదల తీస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు ఎప్పుడైనా అంతే.

ఈ లెక్కలు పుస్తకానికే పరిమితమైనవి కావు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తింది. ఆ మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించింది. కార్లు, ఆటోలు, స్కూటర్లు రోజుల తరబడి నీటిలో నానాయి. అటువంటప్పుడు ఇంజనును స్టార్టు చేయరాదు. లోపలికి చేరిన నీటితో అది పాడైతే, వరద వలన కాక యజమాని చర్య వలన కలిగిన నష్టమని కంపెనీ వాదించే అవకాశం ఉంది.

మరి యజమాని చేయవలసినదేమిటి? పట్టిక వదిలేసిన ఖాళీ అతనికి అవకాశమే. ఒకసారి పాలసీలో రాసిన ఐ.డి.వి.ని ఆ ఏడాది పొడుగునా మార్కెట్ విలువగానే భావించాలనీ, సంపూర్ణ నష్టం విషయంలో మళ్లీ తరుగుదల తీయరాదనీ నిబంధన ఉంది. 2008లో ఒక టాటా సుమో కేసులో సర్వోన్నత న్యాయస్థానం కూడా, పాలసీ ఇచ్చేటప్పుడు తానే అంగీకరించిన విలువకు కంపెనీ కట్టుబడి ఉండాలని తీర్పు చెప్పింది. కనుక వాదమేదైనా డబ్బు కట్టకముందే జరగాలి. కంపెనీ ఒప్పుకోవాలంటే ఆధారాలు కావాలి. లైసెన్సు గల సర్వేయరు ఇచ్చిన విలువ నివేదిక, పనికి ముందూ తరువాతా తీసిన ఛాయాచిత్రాలు, ఇంజను, ఛాసిస్ నంబర్లు, విడిభాగాల బిల్లులు ముఖ్యమైనవి. మన మేస్త్రులు పనిలో దిట్టలే గాని తెల్లకాగితం మీద లెక్క రాసి ఇవ్వడమే వారికి అలవాటు. తేదీ, సంతకంతో సరైన రసీదు అడిగి తీసుకోవాలి.

బాగుచేయడంలోనూ ఒక మెలకువ ఉంది. మైలేజీ కోసం పాత అంబాసిడర్‌కు డీజిల్ ఇంజను బిగించేవారున్నారు. ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించకపోతే క్లెయిము సమయంలో అభ్యంతరం తలెత్తుతుంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుండి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికే వింటేజ్ గుర్తింపు, 'వి.ఎ.' అక్షరాల నంబరు లభిస్తాయి. దానికి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే అటువంటి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతుల కోసం తప్ప నిత్యం తిప్పరాదు. రోజూ కారులో బెజవాడ వెళ్లి వచ్చే గుడివాడ యజమానికి ఇది పనికిరాదు. అతడు సాధారణ రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకుంటూ, ఏటా పాలసీ గడువు ముగియక ముందే కంపెనీ కార్యాలయానికి వెళ్లి, గత ఏడాది విలువను యాంత్రికంగా తగ్గించకుండా కొత్త సర్వే నివేదికను చూపవలసి ఉంటుంది.