ఆటోనగరులో శరత్తు కొఱకు ఎదురుచూపు

మే మాసపు మిట్టమధ్యాహ్నమున విజయవాడ ఆటోనగరులో పనివారిని పలుకరించినచో, మాట ఎక్కడ ప్రారంభమైనను దసరా వద్దకు చేరును. ఇంత యెండలో పండుగ ప్రసక్తి యేమని మొదట మాకును తోచినది. వారు కోరుచున్నది పండుగను మాత్రమే కాదనియు, దానిని వెంటబెట్టుకొని వచ్చు శరదృతువుననియు పిమ్మట తెలిసినది.

డెల్టా రైతులకు ఆటోనగరు క్రొత్త కాదు. ట్రాక్టరు మరమ్మతునకో, ట్రక్కు చేయించుటకో పలువురు అచటికి పోయియే యుందురు. 1960వ దశకమున ఏర్పడిన ఈ పేటలో లారీ బాడీలు కట్టువారు, వెల్డింగువారు, టింకరింగువారు వేలకొలది ఉన్నారు. వీరిలో మన గ్రామముల పిల్లలు ఎందరో. పైన రేకుల షెడ్డు, ఎదుట మండుచున్న ఇనుము. ఎండలో మరచిన పానాను గుడ్డ చుట్టకుండ పట్టుకొనుటకు వీలు లేదు.

ఇంతటి వేడి ఎందులకు? మే మొదటి వారమున మధ్యాహ్న సూర్యుడు సరిగా విజయవాడ నడినెత్తికి వచ్చును. ఆకాశమున మబ్బుండదు. తడినేలపై కొంత వేడి నీటిని ఆవిరి చేయుటకు ఖర్చగును. ఎండిన నేలపై ఆ ఖర్చు లేదు. పైగా పడమటి మెట్టసీమలనుండి పొడిగాలి వీచును. మచిలీపట్నము వారికి పగలే సముద్రపు గాలి తగులును. అరువది కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న విజయవాడకు అది ప్రొద్దువాలి వచ్చును. కొన్ని దినములు రానే రాదు. ఇంద్రకీలాద్రియు, మొగల్రాజపురము కొండలును పగలు పుచ్చుకొన్న వేడిని రాత్రి విడుచుచుండును.

రోహిణి కార్తె పోయి, జూన్ 8 ప్రాంతమున మృగశిర ప్రవేశించినంతనే చల్లబడునని మనవారి ఆశ. తొలకరికి ఎండ తగ్గుమాట నిజమే. కాని గాలిలో తేమ పెరిగి చెమట ఆరదు. వడ పోయి ఉక్క వచ్చును. ఆగస్టు మొదటి వారమున సూర్యుడు మరల నడినెత్తికి వచ్చినను మబ్బులు అడ్డుపడును. సెప్టెంబరు 23 ప్రాంతమున పగలు, రాత్రి సమానములై, అటుపిమ్మట సూర్యుడు దక్షిణమునకు తరలును. జూన్ మాసమున 13 గంటలుండిన పగలు కార్తీకమునాటికి 11 గంటల పైచిలుకునకు తగ్గును. వాన కడిగిన గాలిలో దుమ్ముండదు. ఆశ్వయుజమున ఆటోనగరువారు పానాలు, సుత్తులు, యంత్రములు కడిగి పసుపు కుంకుమలతో ఆయుధపూజ చేసి, వానికి ఒకనాడు విశ్రాంతి నిత్తురు. శరత్తు అంతయు వెన్నెలయే యని మాత్రము మేము వ్రాయజాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ ఋతువుననే వచ్చినది.

రోహిణినుండి ఆశ్వయుజమునకు సుమారు నాలుగు మాసములు. అంతవరకు మనిషి నిలువవలెను గదా! 2003లోను, 2015లోను వీచిన వడగాలులు ఆంధ్రప్రదేశమున ఒక్కొక్క పర్యాయము వేయిమందికి పైగా ప్రాణములు తీసినవి. పని లెక్కన కూలి పుచ్చుకొనువాడు నీడకు పోవుటకు వెనుదీయును. ఆగిన ప్రతి గంటయు కూలిలో తగ్గునని అతని భయము. కనుక ఈ భారమును పనివానిపై మాత్రమే మోపుట న్యాయము కాదు. యజమాని ఉదయము 6 గంటలకే షెడ్డు తెరచి, 12 మొదలు 4 వరకు బరువు పనులు ఆపి, మిగిలినది సాయంకాలము చేయించినచో ఇరువురకును నష్టముండదు.

దాహము వేయకమునుపే నీరు త్రాగవలెను. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపుకొనవచ్చును. మాట తడబడి, ఒడలు కాలిపోవుచున్నచో, చెమట పట్టినను పట్టకున్నను వడదెబ్బయని యెంచి, నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి విసరుచు, 108కి ఫోను చేయవలెను. తెలివి తప్పినవాని నోట నీరు పోయరాదు.

ఆటోనగరులో పిల్లవాడున్న ఇంటివారు ఫోనులో తిన్నావా యని తప్పక అడుగుదురు. మధ్యాహ్నము పని ఆపుచున్నారా యని కూడ అడుగవలెను.