పిల్లల మాట మున్సిపాలిటీ దాకా



మన ఇంట్లో పదమూడేళ్ల బిడ్డ ఉంటుంది. పదహారేళ్ల కొడుకు ఉంటాడు. వాళ్లు చిన్నపిల్లలు కారు. పెద్దవాళ్లూ కారు. ఈ వయసును కౌమారం అంటారు. ఈ వయసులో ఒళ్లు మారుతుంది. మనసు మారుతుంది. కోపం తొందరగా వస్తుంది. సిగ్గు ఎక్కువవుతుంది. చెప్పుకోవాల్సిన మాటలు చాలా ఉంటాయి. చెప్పుకునే చోటు మాత్రం ఉండదు.

ఊరి సంగతులు పెద్దలు మాట్లాడుకుంటారు. రోడ్డు గురించి, మోరీ గురించి, నల్లా గురించి మాట్లాడుకుంటారు. మంచిదే. కానీ బడికి రోజూ నడిచిపోయేది పిల్లలు. బస్టాండులో గంటసేపు నిలబడేది పిల్లలు. ఆ తొవ్వ ఎట్లుందో వాళ్లకే తెలుసు. మరి వాళ్లను ఎవరైనా అడుగుతున్నారా?

పిల్లల మాట, యువకుల మాట ఊరిని నడిపే వాళ్ల దాకా ఎట్లా చేరుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

వేరే చోట్ల ఏం చేస్తున్నారు?

అమెరికాలో చాలా పట్టణాల్లో యువజన సలహా సంఘాలు ఉన్నాయి. హైస్కూలు చదివే పిల్లలు వాటిలో సభ్యులు. వాళ్లు అందరూ కలిసి కూర్చుంటారు. ఆటస్థలం ఎట్లుండాలి? గ్రంథాలయం ఎన్ని గంటల దాకా తెరవాలి? పిల్లలు మత్తులో పడకుండా ఏం చేయాలి? ఇట్లాంటివి మాట్లాడుకుంటారు. తమ సలహాను పట్టణ కౌన్సిలుకు చెబుతారు. ఆటల పోటీలు, పాటల పోటీలు తామే నడుపుతారు.

ఇది దూరదేశపు ముచ్చట అనుకోకండి. మన పక్కనున్న కర్ణాటకలో పిల్లల గ్రామసభలు జరుగుతాయి. వాటిని మక్కళ గ్రామసభ అంటారు. మక్కళ అంటే పిల్లల అని అర్థం. అక్కడి ప్రభుత్వం 2006లో వీటిని జరపాలని చెప్పింది. కేరళలో కుడుంబశ్రీ మహిళా సంఘాలు ఉన్నాయి. అవి మన పొదుపు సంఘాల వంటివే. ఆ తల్లులు తమ పిల్లల కోసం బాలసభలు పెట్టారు.

దీని వెనుక ఒక హక్కు ఉంది. 1989లో ప్రపంచ దేశాలు కలిసి బాలల హక్కుల ఒప్పందం రాసుకున్నాయి. దానిలో పన్నెండో అంశం ఏం చెబుతుంది? పిల్లలకు సంబంధించిన విషయంలో పిల్లల మాట కూడా వినాలి అని చెబుతుంది. 1992లో మన దేశం ఆ ఒప్పందానికి ఒప్పుకుంది.

మన చొప్పదండిలో ఏముంది?

చొప్పదండి ఒకప్పుడు గ్రామపంచాయతీ. 2018లో మున్సిపాలిటీ అయింది. 2020 జనవరిలో మొదటిసారి మున్సిపల్ ఎన్నికలు జరిగాయి.

2019లో తెలంగాణలో కొత్త మున్సిపల్ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలి. ఒకటి యువజన కమిటీ. రెండోది మహిళల కమిటీ. మూడోది వయసు మళ్లిన వాళ్ల కమిటీ. నాలుగోది ఊరి ముఖ్యుల కమిటీ. ఒక్కో కమిటీలో 15 మంది ఉంటారు. అంటే ఒక్క వార్డుకు 60 మంది.

యువజన కమిటీ మన సలహా సంఘం వంటిది. మహిళల కమిటీ మనది. ఈ రెండూ కలిసి నడిస్తే పిల్లల మాటకు బలం వస్తుంది.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ కమిటీ హుకుం ఇచ్చేది కాదు. సలహా చెప్పేది. దాని చేతిలో ఖజానా లేదు. మరి దానితో లాభమేమిటి? ఒక్కరు పోయి అడిగితే అధికారి "చూద్దాం" అంటాడు. పదిహేను మంది సంతకాలతో కాగితం వస్తే దాన్ని పక్కకు పెట్టడం కష్టం. అదే లాభం.

ఇంకో సంగతి. మన దగ్గర యువజన సంఘం అనగానే ఏం గుర్తొస్తుంది? క్రికెట్టు, గణేశ్ మండపం, మగపిల్లలు. ఆడపిల్లలు ఎక్కడున్నారు? ఇంట్లో ఉన్నారు. కమిటీలో ఆడపిల్లలు లేకపోతే సగం ఊరి మాట వినపడనట్టే. మీ వార్డు యువజన కమిటీలో ఎవరెవరున్నారు? మున్సిపల్ ఆఫీసులో అడగండి. కమిటీ లేకపోతే ఎందుకు లేదో అడగండి. అడగడం తప్పు కాదు. మన హక్కు.

చీకటి తొవ్వ, రెండు దారులు

ఒక ఇంటి సంగతి అనుకుందాం. బిడ్డ కరీంనగర్‌లో ఇంటర్ చదువుతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. పైసల బాధ తప్పింది. కానీ సాయంత్రం బస్సు ఆలస్యంగా వస్తుంది. దిగేసరికి చీకటి పడుతుంది. ఇంటి తొవ్వలో మూడు స్తంభాలకు లైట్లు లేవు. అక్కడ నలుగురు పోరగాళ్లు కూర్చొని మాటలంటారు.

బిడ్డ ఇంటికి వచ్చి తల్లికి చెప్పింది. ఇప్పుడు తల్లి ముందు రెండు దారులున్నాయి.

మొదటి దారి ఇది: "రేపటి నుంచి కాలేజీకి పోకు. సంబంధం చూస్తాం."

రెండో దారి ఇది: "నువ్వు చెప్పింది మంచి పని. తొవ్వ బాగు చేయిద్దాం."

మొదటి దారిలో ఏమైంది? తప్పు చేసింది పోరగాళ్లు. లైటు పెట్టనిది ఆఫీసు. శిక్ష పడింది మన బిడ్డకు. పక్కింటి పిల్ల ఇది చూస్తుంది. "చెబితే చదువు పోతుంది" అని నేర్చుకుంటుంది. ఇక జన్మలో నోరు విప్పదు. రేపు అంతకన్నా పెద్ద ఆపద వచ్చినా తల్లికి చెప్పదు.

అందుకే అక్కలారా, అన్నిటికన్నా ముందు సలహా సంఘం మన ఇంట్లోనే ఉంది. బిడ్డ చెప్పిన మాట బిడ్డ కాళ్లకు సంకెల కాకూడదు.

మాట ఆఫీసు దాకా ఎట్లా పోవాలె?

ఒకటి: వినాలి. వాడకట్టు పిల్లలను ఒకచోట కూర్చోబెట్టండి. ఆడపిల్లలను వేరుగా కూర్చోబెట్టండి. కొన్ని మాటలు మగపిల్లల ముందు చెప్పలేరు. పెద్దలు మధ్యలో అడ్డం మాట్లాడొద్దు.

రెండు: వేరు చేయాలి. ఏ పని ఎవరి చేతిలో ఉందో చూడాలి. లైటు, మోరీ, చెత్త, ఊరి పార్కు మున్సిపాలిటీ పని. బస్సు సమయం ఆర్టీసీ పని. కరీంనగర్ డిపో మేనేజరుకు రాయాలి. వేధింపు పోలీసుల పని. బడిలో నీళ్లు, మరుగుదొడ్లు హెడ్మాస్టరుకు, బడి కమిటీకి చెప్పాలి. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. వాటిలో తల్లులు సభ్యులు.

మూడు: రాయాలి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు. నోటి మాట గాలికి పోతుంది. కాగితం మీది మాట నిలుస్తుంది. ఇట్లా రాయవచ్చు:

"చొప్పదండి మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం. మేము ఫలానా వార్డు తల్లులం, పిల్లలం. ఫలానా చోటి నుంచి ఫలానా చోటి దాకా మూడు స్తంభాలకు లైట్లు లేవు. చీకటి పడ్డాక ఆడపిల్లలు ఈ తొవ్వన నడవలేకపోతున్నారు. పదిహేను రోజుల్లో లైట్లు పెట్టించాలని కోరుతున్నాం."

కింద తేదీ వేయండి. అందరూ సంతకాలు చేయండి. వేలిముద్ర వద్దు, సంతకమే చేయండి.

నాలుగు: నకలు ఉంచుకోవాలి. దరఖాస్తు ఇచ్చినప్పుడు మన నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి.

ఐదు: మళ్లీ అడగాలి. పని కాకపోతే మళ్లీ పోవాలి. సోమవారం కరీంనగర్ కలెక్టరేటులో ప్రజావాణి ఉంటుంది. అక్కడ ఇవ్వవచ్చు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మన దరఖాస్తు ఏమైందని ఆ చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

గెలిచిన కౌన్సిలరు ఉంటే ఆయనను, ఆమెను కలవండి. పదవీకాలం అయిపోయి కౌన్సిలర్లు లేని రోజులుంటాయి. అప్పుడు ప్రత్యేకాధికారి ఉంటారు. మన కాగితం ఆగకూడదు.

మగపిల్లల సంగతి

మగపిల్లలకూ కష్టాలున్నాయి. ఆడుకునే జాగ లేదు. చేతిలో ఫోను ఉంది. కొందరు గుట్కా, గంజాయి వైపు పోతున్నారు. కొందరు ఫోనులో పైసలు పెట్టి ఆడుతున్నారు. అట్లాంటి ఆటలను తెలంగాణలో 2017లోనే నిషేధించారు. అయినా అప్పులపాలవుతున్నారు.

తిడితే పిల్లగాడు ఇల్లు విడిచి బయట తిరుగుతాడు. అతనికి ఒక పని, ఒక చోటు కావాలి. యువజన కమిటీ ఇక్కడ పనికొస్తుంది. సాయంత్రం కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడించవచ్చు. ఆడపిల్లలకూ ఒక సమయం కేటాయించాలి. పదో తరగతి పిల్లలకు చదువు వచ్చిన అక్కలు, అన్నలు సాయంత్రం పాఠం చెప్పవచ్చు. చెట్లు నాటవచ్చు. ఊరికి పని చేసిన పిల్లగాడు ఊరి ఆడపిల్లను మాట అనడానికి వెనుకాడుతాడు.

కమిటీలో పెట్టకూడని మాటలు

కొన్ని సంగతులు పదిమందిలో పెట్టకూడదు. ఎవరైనా పిల్లను తాకరాని చోట తాకితే, బెదిరిస్తే కమిటీలో పంచాయితీ పెట్టొద్దు. రాజీ చేయొద్దు. పిల్ల పేరు బయట పెట్టొద్దు. అట్లాంటి నేరాలకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. పోలీసులకు చెప్పాలి. పిల్లల కోసం 1098 నంబరు ఉంది. ఆ ఫోనుకు పైసలు పడవు. వేధింపులు ఉంటే షీ టీమ్ పోలీసులకు చెప్పవచ్చు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు పెళ్లి చేస్తున్నా 1098కి చెప్పవచ్చు. 2006 చట్టం ప్రకారం అది నేరం. మగపిల్లవానికి 21 ఏళ్లు నిండాలి.

మనవల్ల అవుతుందా?

అవుతుంది. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. అక్కడి ఆడవాళ్లు మనలాగే కొత్తగా చదువు నేర్చుకున్నారు. పుస్తకంలో ఒక కథ చదివారు. సారా గురించి మాట్లాడుకున్నారు. 1992లో ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. వాళ్లు కూడా ముందు కూర్చొని మాట్లాడుకున్నారు. తర్వాతే లేచి నిలబడ్డారు.

ఈ రాత్రి అన్నం తినేటప్పుడు మీ బిడ్డను ఒక మాట అడగండి. "బిడ్డా, నీ తొవ్వ ఎట్లుంది?" జవాబు పూర్తిగా వినండి. తిట్టకండి. భయపడి చదువు మాన్పించకండి. విన్నది కాగితం మీద రాయండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ వార్డులో యువజన కమిటీ ఉందా? అందులో ఆడపిల్లలు ఎందరు?
2. మీ వాడకట్టులో చీకటి తొవ్వ ఏది? ఎన్ని లైట్లు కావాలి?
3. వేధింపు గురించి బిడ్డ చెబితే మీరు మొదట ఏమంటారు?
4. పైన ఉన్న దరఖాస్తు చూసి, మీ వార్డు సంగతితో ఒక దరఖాస్తు రాయండి.