పసిపిల్లలకు దంతవైద్యుని ఎన్నుకొనుట

మన ఇండ్లలో దంతవైద్యుని ప్రసక్తి వచ్చునది సాధారణముగా బిడ్డ చెంప చేతబట్టుకొని నిద్ర లేక ఏడ్చిన రాత్రియే. లవంగనూనె అద్దిన దూదితో ఎట్లో ఆ రాత్రి గడపి, తెల్లవారగానే దగ్గరలో ఏ బోర్డు కనబడిన ఆ వైద్యశాలకు బిడ్డను భుజాన వేసికొని పోవుదురు. అప్పటికి తల్లిదండ్రులకు ఆలోచించు వ్యవధి ఉండదు. బిడ్డకు ఓర్పు ఉండదు. వైద్యునికి ఆ శిశువును మచ్చిక చేసికొను అవకాశముండదు. సూదిమందుతో, పట్టకారుతో, పెనుగులాటతోనే ఆ బిడ్డకు దంతవైద్యముతో తొలి పరిచయము కలుగును. ఆ భయము పెద్దయైన పిమ్మటను విడువక, పన్ను పూర్తిగా పాడగువరకు వైద్యుని గడప త్రొక్కనీయకుండ చేయవచ్చును. కావున పిల్లల దంతవైద్యుని నొప్పి పుట్టకముందే ఎన్నుకొనవలెను. ఎన్నుకొనునప్పుడు ఆయన చెడిన పన్నును ఎట్లు బాగుచేయునన్న విషయముకన్న ముందుగా, బిడ్డ భయమును ఎట్లు మన్నించునో, బాగున్న పన్నును ఎట్లు కాపాడునో పరిశీలింపవలెను.

“ఊడిపోవు పళ్ళే గదా, వానికి ఇంత శ్రమ యేల?” అను మాట పెద్దల నోట తరచుగా వినబడును. ఆరవ నెల మొదలుకొని ఇంచుమించు మూడేండ్లు నిండులోపల బిడ్డకు 20 పాలపళ్ళు వచ్చును. ముందరి పళ్ళు ఆరేడేండ్లకే ఊడ నారంభించినను, వెనుకటి నములుడు పళ్ళు పది పండ్రెండేండ్లవరకు నిలిచి, అన్నము నములుటకును, మాట స్పష్టముగా పలుకుటకును తోడ్పడుటయే గాక, చిగురు క్రింద పెరుగుచున్న శాశ్వతదంతములకు చోటు నిలిపియుంచును. వానిలో ఒకటి అకాలమున పోయినచో ప్రక్క పళ్ళు ఆ ఖాళీలోనికి ఒరిగి, రావలసిన పన్నుకు దారి లేకుండ చేయును. పైగా పాలపంటిమీది ఎనామెల్ పొర పలుచనిది గావున, పిప్పి పట్టినచో అది లోపలి నరమువరకు త్వరగా ప్రాకును. ఇంకొక సంగతియు కలదు. ఇంచుమించు ఆరవ ఏట, పాలపళ్ళ వరుసకు వెనుక, మొదటి శాశ్వతపు నములుడు పన్ను తలయెత్తును. ఏ పన్నును ఊడకుండనే అది వచ్చుటచే దానినికూడ పాలపన్నని భ్రమించి అశ్రద్ధ చేయు తల్లిదండ్రులు అనేకులు. జీవితాంతము పనిచేయవలసిన ఆ పన్నును సకాలమున గుర్తించి చూపుటకైనను, పిల్లవానికి తెలిసిన దంతవైద్యుడొకడు ఉండవలెను.

మొదటి పన్ను మొలచిన ఆరు మాసములలోపల, ఎంత ఆలస్యమైనను మొదటి పుట్టినరోజు దాటకుండ, బిడ్డను ఒకసారి చూపింపవలెనని అమెరికా దేశపు శిశుదంతవైద్యుల అకాడమీ ఉపదేశించుచున్నది. ఏడాది బిడ్డను పరీక్షించుట యెట్లని శంకింపనక్కరలేదు. తల్లియు వైద్యుడును మోకాళ్ళు తాకునట్లు ఎదురెదురుగా కూర్చుందురు. బిడ్డ తల్లి యొడిలో ఆమెవైపు తిరిగి కూర్చుండి, మెల్లగా వెనుకకు వాలగా, తల వైద్యుని యొడిలో ఆనును. తల్లి మొగము కన్నుల యెదుటనే ఉండును; చిన్నారి చేతులు ఆమె చేతులలోనే ఉండును; ఏడ్చినను ఆ ఏడ్పులోనే నోరు తెరచును గావున స్వల్పకాలములో పరీక్ష ముగియును. ఆ కొద్ది వ్యవధిలో నేర్పుగల వైద్యుడు పై పెదవి నెత్తి, ముందరి పళ్ళ మొదట, చిగురు వెంబడి, సున్నముతో గీచినట్లు తెల్లని చార యేమైన ఉన్నదా యని చూచును. పాలసీసా నోటనుంచుకొని నిద్రించు పిల్లలకు పిప్పి తొలుత ఇట్లే ఆరంభమగును. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరలను ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటిలోని ఖనిజమును కరగించును. నిద్రలో లాలాజలము తగ్గుటచే దానిని కడిగివేయునది ఉండదు. క్రింది ముందరి పళ్ళను నాలుక కప్పి కాపాడును గాని పై పళ్ళకు ఆ రక్ష లేదు. తెల్లచార దశలోనే కనుగొన్నచో, రాత్రి సీసా మాన్పించి, ఫ్లోరైడు పూత వేసి ఆ పంటిని మరల గట్టిపరుప వీలుండును; అది గుంటయైన పిమ్మట ఆ అవకాశము చేజారును. నొప్పి రాకముందే పోవుటవలని లాభము ఇదియే.

ఇక ఎవరియొద్దకు పోవలెను? 1948లో దంతవైద్యుల చట్టము వచ్చిన నాటినుండియు, అర్హత గలిగి ప్రభుత్వ పట్టికలో పేరు నమోదైనవారే ఈ చికిత్స చేయవలెనను నియమము మన దేశమున కలదు. కావున రాష్ట్రపు దంతవైద్యమండలి ఇచ్చిన నమోదు సంఖ్యను అడిగి తెలిసికొనుట మర్యాదకు భంగము కానేరదు. బి.డి.ఎస్. పట్టము పొందిన పిమ్మట మరి మూడేండ్లు పిల్లల దంతవైద్యమునే అభ్యసించి ఎం.డి.ఎస్. పట్టము పొందినవారిని పీడోడాంటిస్టులందురు. మూడేండ్లలోపు బిడ్డకును, బుద్ధిమాంద్యము, గుండెజబ్బు మొదలగు ప్రత్యేకస్థితులు గల పిల్లలకును, భయము మిక్కిలిగా ఉన్నవారికిని ఇట్టి నిపుణుని ఆశ్రయించుట ఉత్తమము. అట్టివారు దొరకని చిన్న ఊళ్ళలో, పిల్లలను ఓర్పుతో చూచు బి.డి.ఎస్. వైద్యుని ఎన్నుకొని, క్లిష్టమైన పని వచ్చినప్పుడు ఆయన ఎవరియొద్దకు పంపునో ముందే అడిగియుంచుకొనవచ్చును. ధనలోపమున్నవారు నిరాశపడనక్కరలేదు: హైదరాబాదు, విజయవాడ, కడప నగరములలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు, దంతవైద్య కళాశాలలలో పిల్లలకు ప్రత్యేకవిభాగము ఉండును.

పట్టమును బోర్డుమీద చదువవచ్చును గాని, స్వభావమును తొలి పరీక్షలోనే కనిపెట్టవలెను. పిల్లల దంతవైద్యములో నేటికిని మూలసూత్రముగా నిలిచిన పద్ధతిని 1959లో ఆడెల్‌స్టన్ అను దంతవైద్యుడు ప్రతిపాదించెను: ముందు చెప్పుము, పిదప చూపుము, ఆ తరువాతనే చేయుము. పళ్ళు తోము చిన్న యంత్రమును నోట పెట్టకముందు, “ఇది గిరగిర తిరుగును, చక్కిలిగిలి పెట్టును” అని బిడ్డకు తెలిసిన మాటలలో చెప్పి, మొదట దానిని బిడ్డ చేతిగోటిమీద త్రిప్పి చూపి, బిడ్డ నవ్విన పిమ్మటనే పంటికి తాకించును. చేయి ఎత్తినచో ఆపెదనని మాట యిచ్చి, ఎత్తినప్పుడు నిజముగా ఆపును. ఇట్టి వైద్యుడు దొరికినచో విడువరాదు. దీనికి విరుద్ధముగా, బిడ్డను కసరువానిని, ప్రాణాపాయమేమియు లేని పనికికూడ తొందరపడి కాలుసేతులు పట్టించువానిని, తల్లిదండ్రుల ప్రశ్నలకు విసుగుకొనువానిని మారు మాటాడక మార్చుకొనవలెను. మనము చేయు అపకారమునుకూడ ఇచ్చట చెప్పుకొనవలెను: అల్లరిచేసిన బిడ్డతో “డాక్టరుచేత సూది వేయించెదను” అని బెదిరించు తల్లియు, సూది తప్పదని తెలిసియు “ఏమియు చేయరు” అని బొంకు తండ్రియు, ఎంత మంచి వైద్యుని శ్రమనైనను వమ్ము చేయుదురు.

ఉత్తమవైద్యుని రెండవ లక్షణము ప్రశ్నలడుగుట. బిడ్డ దినమునకు ఎన్నిమారులు తీపి తినును, దగ్గుమందు మొదలగు తియ్యని సిరప్పులు ఏవైన పడుకొనుముందు త్రాగునా, పళ్ళు ఎవరు తోముదురు అని ఆయన విచారించును. తెలుగునాట త్రాగునీటిని గూర్చికూడ అడుగవలెను. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలోని పెక్కు గ్రామములలో భూగర్భజలమున ఫ్లోరైడు మితిమీరి యుండి, పెరుగుచున్న పళ్ళపై మచ్చలు కలిగించును. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి వైద్యశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. మితముగా వాడిన ఫ్లోరైడు పిప్పిని అడ్డగించును గావున, సాధారణముగా మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంతయు, మూడు మొదలు ఆరేండ్ల వరకు బఠాణీ గింజంతయు ఫ్లోరైడు పేస్టు చాలును. నీటిలోనే ఫ్లోరైడు హెచ్చుగానున్న ఊళ్ళవారు మాత్రము ఎంత వాడవలెనో తమ వైద్యునే అడుగవలెను. నీటిమాట అడుగక అందరికి ఒకే సలహా చెప్పువాడు మన నేలను ఎరుగనివాడనుకొనవలెను.

చికిత్స అవసరమైనచో, ఏమి చేయుదురు, ఎందులకు, చేయకున్న ఏమగును, వేరు మార్గము కలదా యను నాలుగు ప్రశ్నలకు స్పష్టమైన సమాధానము రావలెను. చిన్న పిప్పిని నింపవచ్చును; పెద్దదైనచో స్టీలు తొడుగు వేయవచ్చును; బిడ్డ మరీ పసిదైనచో సిల్వర్ డయమైన్ ఫ్లోరైడు రాచి పిప్పిని నిలుపవచ్చును గాని, ఆ చోటు నల్లబడును; ఆ సంగతి ముందుగా చెప్పుట వైద్యుని ధర్మము. వెనుకటి పాలపన్ను తీయక తప్పనప్పుడు, ఖాళీని నిలుపు తీగకట్టు అవసరమా యనికూడ ఆయనయే ప్రస్తావింపవలెను. పళ్ళ నడుమ కంటికి కనబడని పిప్పిని చూచుటకు ఎక్స్‌రే అవసరమగును. అలవాటుగా వచ్చినప్పుడెల్ల తీయుట తగదు. మత్తు ఇచ్చి చేయవలసివచ్చినచో, మత్తు ఇచ్చుటకు వేరొక వైద్యుడు ఉండునా, శ్వాసను నాడిని గమనించు పరికరములు కలవా, ఎన్ని గంటలు ఏమియు పెట్టరాదు అని అడుగుటకు తల్లిదండ్రులు మొగమాటపడరాదు.

వేళగాని వేళ ఆయన అందునా యనునదియు తెలిసికొనదగినదే. ఆటలో పడి పన్ను ఊడుట పిల్లలకు సహజము. శాశ్వతదంతము వేరుతో సహా ఊడినచో, వేరును తాకక పైభాగము పట్టుకొని, మట్టి అంటినచో ఒక్క క్షణము కడిగి, వీలైనచో అప్పుడే దాని చోట నిలుపవలెను. లేనిచో పాలలో వేసి అరగంటలో వైద్యుని చేరవలెను. పాలపన్ను ఊడినచో మాత్రము తిరిగి పెట్టరాదు. ఆ గడియలో ఎవరికి ఫోను చేయవలెనో ముందే తెలిసిన ఇంట ఆ పన్ను బ్రతుకు అవకాశము హెచ్చును.

కనుక మీ ఇంట ఇప్పుడిప్పుడే పళ్ళు వచ్చుచున్న బిడ్డ ఉన్నచో, టీకాలకు తేదీ నిర్ణయించుకొనినట్లే దంతపరీక్షకును ఒక తేదీ నిర్ణయించుకొనుడు. నొప్పి లేని దినముననే పోయి, వైద్యుడు మీతో మాటాడుటకన్న బిడ్డతో ఎట్లు మాటాడునో గమనించుడు. నచ్చనిచో ఇంకొకరిని చూచుటకు మీకు వ్యవధి కావలసినంత ఉండును. నచ్చినచో ఆయన చెప్పిన గడువున మరల తీసికొనిపోవుడు. భయము లేక నోరు తెరచుట నేర్చిన బిడ్డకు, మీరు వెంట రాని వయసులోకూడ, తన పళ్ళను తానే కాపాడుకొను బుద్ధి కలుగును.